ఆదోని సీమ కన్నడ కవులు: మన సాహిత్య చరిత్ర దాటిపోయిన ఊళ్లు

తెలుగు సాహిత్యం తెలుగు నేల దాటి ఎక్కడెక్కడ పండిందో మనవాళ్లు శ్రద్ధగా లెక్క రాసిపెట్టారు. తంజావూరు, మధుర, పుదుక్కోట, మైసూరు ఆస్థానాల్లో పుట్టిన తెలుగు కావ్యాలకు, యక్షగానాలకు మన సాహిత్య చరిత్రల్లో సొంత అధ్యాయాలున్నాయి. నిడదవోలు వేంకటరావు ‘దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము’ పేరుతో ఏకంగా ఒక గ్రంథమే రాశారు. ఆ శ్రమ వృథా పోలేదు. ఇవాళ రఘునాథనాయకుణ్ణీ ముద్దుపళనినీ పరాయివాళ్లని ఎవరూ అనరు.

ఇదే ప్రశ్నను తిప్పి వేసుకున్నది మాత్రం తక్కువ. తెలుగు నేల మీద వేరే భాషల్లో పండిన సాహిత్యం సంగతేమిటి? దాని కవుల్ని ఎవరు చదవాలి, వాళ్ల చరిత్ర ఎవరు రాయాలి? ఈ ప్రశ్న బాగా పదునెక్కే చోటు కర్నూలు జిల్లా పడమటి అంచు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, మంత్రాలయం, కోసిగి, కౌతాళం, చిప్పగిరి ఊళ్ల చుట్టూ మూడు వందల ఏళ్లపాటు గట్టి కన్నడ సాహిత్యం నడిచింది. దాన్ని నడిపినవాళ్లు పేరున్న కవులు, శాస్త్రం చదివిన పండితులు. కన్నడ సాహిత్య చరిత్రలో వాళ్లకు చోటుంది. మన పుస్తకాల్లో వాళ్లు బతికిన ఊళ్ల పేర్లు కూడా కనబడవు. ఆ కవుల జీవితం, రచన, వాళ్ల మీద ఇప్పటిదాకా జరిగిన పని, ఇక జరగవలసిన పని ఒక్కచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేల ముందు, గీత తరువాత

ముందు ఊళ్ల సంగతి తేలాలి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి, కౌతాళం అన్నీ అప్పట్లో ఆదోని తాలూకా కిందివే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాలో చేరాయి. బళ్లారి పట్టణం మైసూరు రాష్ట్రానికి పోయింది. అటుపక్క తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా, అంటే ఒకప్పటి నిజాం ఇలాకా. 1956లో ఆ జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది గానీ, అందులోని గద్వాల, ఆలంపూర్ తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చాయి. మూడేళ్ల వ్యవధిలో ఒకే సీమ ఐదు జిల్లాల మధ్య పంపకమైంది.

మనం మాట్లాడుకోబోయే కవుల్లో ఎక్కువమంది పద్దెనిమిదో శతాబ్దం వాళ్లు. వాళ్లు పోయిన నూటయాభై, రెండు వందల ఏళ్లకు ఈ గీతలు పడ్డాయి. వాళ్ల కాలంలో మాన్వి నుంచి ఆదోనికి, ఆదోని నుంచి చిప్పగిరికి రావటమంటే ఏరు దాటి పక్క ఊరికి పోవటమే. ఆదోని కోట విజయనగరం నుంచి బీజాపూరుకు, అక్కణ్ణుంచి మొగలాయిలకు, నిజాంకు, నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌కు చేతులు మారింది. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించాడు. 1800లో దత్తమండలాల్లో భాగంగా కంపెనీ పాలన కిందికి వచ్చింది. దొరలు మారారు, శిస్తు వసూలు చేసేవాళ్లు మారారు. సంతలో, గుడిలో, ఇంట్లో రెండు భాషలూ అట్లాగే సాగాయి. సిరుగుప్ప వైపు పోయేకొద్దీ కన్నడం, పత్తికొండ వైపు వచ్చేకొద్దీ తెలుగు చిక్కబడతాయి. మధ్యలో ఉన్న ఊళ్లలో మనిషి ఎదుటివాడి మాటను బట్టి తన మాట మార్చుకుంటాడు.

కన్నడ దాససాహిత్యం, అంటే హరిదాసుల భక్తి పాటల సాహిత్యం, తన రెండో దశలో ఈ రెండు భాషల నేల మీదే ఎదిగింది.

మంత్రాలయం: మఠం ఒక బడి

హరిదాస సంప్రదాయం మొదటి దశ విజయనగర కాలంలో వెలిగింది. శ్రీపాదరాజులు, వ్యాసరాయలు, పురందరదాసు, కనకదాసు ఆ కాలపు పెద్దలు. పురందరదాసును తెలుగువాళ్లకు కొత్తగా పరిచయం చేయనక్కర లేదు. సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లా ఆయన పెట్టిన సరళీ వరుసలతోనే మొదలుపెడుతుంది. త్యాగరాజు ‘ప్రహ్లాద భక్తి విజయం’ ఆరంభంలో ఆయన్ని తలుచుకున్నారు. శుక్రవారం లక్ష్మిని ఇంటికి పిలిచే ఆయన కన్నడ పాట కన్నడం రాని తెలుగిళ్లలో కూడా వినబడుతుంది.

1565 తరువాత హంపీ వైభవం పోయింది. దాససాహిత్యానికి మళ్లీ ఒక ఆనిక కావలసి వచ్చింది. ఆ ఆనిక తుంగభద్ర గట్టునే, కాస్త దిగువన, మంచాల అనే పల్లెలో దొరికింది. ఆదోనిని పాలించిన సిద్ది మసూద్ ఖాన్ నుంచి ఆ ఊరు రాఘవేంద్రస్వామికి అందిందని మఠం చరిత్ర చెబుతుంది. ఆదోనిలో ఇప్పటికీ చెక్కుచెదరని జామియా మసీదు కట్టించిన పాలకుడు కూడా ఆయనే. 1671లో స్వామి అక్కడ బృందావన ప్రవేశం చేశారు. మంచాల మంత్రాలయమైంది.

భక్తులకు ఆయన మహిమలు తెలుసు. సాహిత్య చరిత్రకు ఆయన పాండిత్యం ముఖ్యం. జయతీర్థుల ‘న్యాయసుధ’కు ఆయన రాసిన ‘పరిమళం’ వ్యాఖ్య మాధ్వుల ద్వైతశాస్త్రం చదివేవాళ్లకు ఇవాళ్టికీ పాఠ్యగ్రంథం. మీమాంస మీద ‘భాట్టసంగ్రహం’ రాశారు. ఇంత సంస్కృత పాండిత్యం ఉన్న మనిషి పేరున ఒక కన్నడ పదం కూడా ప్రచారంలో ఉంది. శాస్త్రం సంస్కృతంలో, మొర కన్నడంలో. ఈ అమరిక ఆయన తరువాత కూడా ఈ సీమలో చెదరలేదు. మఠంలో తర్కం, వేదాంతం చదివి బయటికి వచ్చినవాళ్లు కన్నడంలో పాటలు కట్టారు. ఈ కవులను అర్థం చేసుకోవాలంటే మంత్రాలయాన్ని యాత్రాస్థలంగా మాత్రమే చూస్తే చాలదు, పాఠశాలగా కూడా చూడాలి.

చిప్పగిరిలో విజయదాసు

రెండో దశకు మూలపురుషుడు విజయదాసు (1682–1755). మాన్వి తాలూకా చీకలపర్విలో బీద ఇంట పుట్టారు. చిన్నప్పటి పేరు దాసప్ప. కడుపు నిండని ఇల్లు వదిలి దేశాలు తిరిగారు, కాశీకి వెళ్లారు. కలలో పురందరదాసు కనిపించి ‘విజయవిఠల’ అనే అంకితం (పాటలో కవి పెట్టుకునే ముద్ర) ఇచ్చారని సంప్రదాయం చెబుతుంది. తరువాతి జీవితమంతా తంబూర, చిడతలు, ఊరూరి మధుకరం. కడపటి రోజులు గడిపింది గుంతకల్లుకు దగ్గరున్న చిప్పగిరిలో. 1755లో కార్తీక శుద్ధ దశమి నాడు అక్కడే కాలం చేశారు. ఏటా ఆ తిథికి చిప్పగిరిలో ఆరాధన జరుగుతుంది. ఆ రోజు కర్ణాటక నుంచి వచ్చేవాళ్లకు ఆ ఊరు తెలిసినంతగా మన జిల్లావాళ్లకే తెలియకపోవటం బాధ కలిగించే విషయం.

పురందరదాసు సంకల్పించిన పాటల్లో మిగిలిపోయిన పాతికవేలు విజయదాసు పూర్తి చేశారని ఒక నమ్మకం. ఆ లెక్కను చరిత్ర పద్ధతిలో నిలబెట్టలేం. దొరుకుతున్న రచనల రాశి మాత్రం చాలా పెద్దది. అందులో ఆయన ప్రతిభ పూర్తిగా తెలిసేది సూళాదుల్లో.

సూళాది అంటే ఏమిటో దగ్గరగా చూడాలి. కర్ణాటక సంగీతంలో అలంకారాలు నేర్పేటప్పుడు చెప్పే ధ్రువ, మఠ్య, రూపక, ఝంపె, త్రిపుట, అట, ఏక తాళాలను సూళాది సప్తతాళాలంటారు. సూళాది రచనలో కవి ఒక విషయం ఎత్తుకొని ఒక్కొక్క చరణాన్ని ఒక్కొక్క తాళంలో నడుపుతాడు. తాళం మారిన ప్రతిసారీ వాదం ఒక మెట్టు ఎక్కుతుంది. ధ్రువతాళంలో ప్రతిపాదన సావధానంగా వస్తుంది. మధ్య తాళాల్లో పురాణాల నుంచి సాక్ష్యాలు, ఎదుటివాళ్ల ఆక్షేపణలు, వాటికి సమాధానాలు నడుస్తాయి. చివర ‘జతె’ అనే రెండు పాదాల్లో మొత్తం సారాంశం తేలుతుంది. పదం ఒక భావాన్ని పల్లవి చుట్టూ తిప్పితే, సూళాది ఒక ఆలోచనను మొదలు నుంచి ముగింపు దాకా నడిపిస్తుంది. శాస్త్రగ్రంథంలో పూర్వపక్షం, సిద్ధాంతం చేసే పనిని విజయదాసు తాళాల చేత చేయించారు. సంస్కృతం రాని రైతు, ఇంటి ఆడవాళ్లు ఒక దర్శనాన్ని చెవితో పట్టుకోగలిగింది ఈ ఉపాయం వల్లే. ఆయన తీర్థయాత్రల సూళాదుల్లో తిరుపతికి పెద్ద చోటుంది. ఆ కాలపు రాయలసీమ దారులను, క్షేత్రాలను పరిశోధించేవాళ్లకు ఆ రచనలు పనికొస్తాయి.

ఆయన చుట్టూ పెద్ద శిష్యబృందం ఏర్పడింది. వాళ్లలో వ్యాసవిఠల అంకితంతో రాసిన కల్లూరు సుబ్బణ్ణాచార్యులు శాస్త్ర పండితులు. ఆయన గురువు మీద రాసిన ‘విజయకవచం’ మాధ్వుల ఇళ్లలో ఇప్పటికీ నిత్యపారాయణం. పండితుడైన ఆచార్యుడు తంబూర పట్టిన దాసును గురువుగా ఒప్పుకోవటం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

పండితుడు దాసుగా మారిన కథ

ఆ మార్పు ఎంత కష్టమైనదో జగన్నాథదాసు (1728–1809) జీవితం చెబుతుంది. అసలు పేరు శ్రీనివాసాచార్యులు. మాన్వి తాలూకా బ్యాగవాటలో పుట్టి, మంత్రాలయం మఠాధిపతి వరదేంద్రతీర్థుల దగ్గర శాస్త్రం చదివి, మాన్విలో శిష్యులకు పాఠం చెప్పుకుంటున్న గట్టి పండితులు. విజయదాసు భోజనానికి పిలిస్తే, కన్నడ పాటలు పాడుకునే దాసుల పంక్తిలో కూర్చోవటం ఇష్టం లేక, కడుపునొప్పి అని చెప్పి పంపారట. ఆ నొప్పి నిజమై పట్టుకుంది. తగ్గే దారి కోసం చివరికి విజయదాసు దగ్గరికే పోతే, ఆయన తన శిష్యుడు గోపాలదాసు దగ్గరికి పంపారు. గోపాలదాసు తన ఆయుష్షులో నలభై ఏళ్లు ధారపోసి ఆయన్ని బతికించారని కథ.

దీన్ని మహిమగా చదివేవాళ్లు చదువుతారు. సాహిత్య విద్యార్థికి ఇందులో ఇంకో సంగతి ఉంది. సంస్కృతానికీ దేశభాషకూ మధ్య, పండితుడికీ పాటగాడికీ మధ్య ఉన్న అంతస్తుల తేడా ఈ కథకు అసలు వస్తువు. ఆ తేడాను దాసకూటం, అంటే హరిదాసుల బృందం, తన లోపలే ఎదిరించింది. ఓడింది పండితుడి పాండిత్యం కాదు, ఆయన అహంకారం. తరువాత ఆయన రాసిన ‘హరికథామృతసారం’ అందుకు రుజువు. ముప్పైకి పైగా సంధుల్లో, భామినీ షట్పదిలో, మధ్వదర్శనం మొత్తాన్ని కన్నడంలో చెప్పిన గ్రంథమిది. దాని మీద వ్యాఖ్యానాలు వరుసగా వచ్చాయి, సంస్కృతంలో కూడా వచ్చాయి. దేశభాషలో రాసిన పుస్తకానికి సంస్కృతంలో వ్యాఖ్యానం రాయవలసి రావటం అరుదైన గౌరవం.

గోపాలదాసు సంగతీ చెప్పాలి. రాయచూరు సీమలోని మొసరకల్లులో పుట్టిన భాగణ్ణ ఆయన. ఆయన సాధన సాగిన ఊరు ఉత్తనూరు. అది ఇప్పుడు తెలంగాణలో, గద్వాల జిల్లా అయిజ మండలంలో ఉంది. విజయదాసు, గోపాలదాసు, జగన్నాథదాసు గురుశిష్య పరంపరగా పేరొందారు. ముగ్గురూ పుట్టిన ఊళ్లు ఇప్పటి కర్ణాటకలో ఉంటే, విజయదాసు తనువు చాలించిన ఊరు ఆంధ్రలో, గోపాలదాసు స్థిరపడ్డ ఊరు తెలంగాణలో, జగన్నాథదాసు చదువుకున్న మఠం ఆంధ్రలో ఉన్నాయి. ఈ పరంపరను ఒక్క రాష్ట్రం చరిత్రలో ఇమిడ్చి రాయాలని చూస్తే కథ సగంలో తెగిపోతుంది.

కోసిగి స్వామిరాయాచార్యులు

పైన చెప్పుకున్న ముగ్గురూ పుట్టింది రాయచూరు సీమలో. గురుజగన్నాథదాసు (1837–1918) మాత్రం ఆదోని సీమ బిడ్డ. పేరు స్వామిరాయాచార్యులు. కోసిగి, కౌతాళం ఊళ్లతో ముడిపడిన జీవితం. సంస్కృతంలో పండితులు, కన్నడంలో కవి. జగన్నాథదాసు పోయిన 28 ఏళ్లకు పుట్టి, ఆయన్నే గురువుగా భావించి, ఆ పేరే తన అంకితంలో పెట్టుకున్నారు. రాఘవేంద్రస్వామి మీద సంస్కృతంలో స్తోత్రాలు, కన్నడంలో అనేక పదాలు రాశారు. స్వామి చరిత్రను ‘రాఘవేంద్ర విజయం’ పేరుతో కన్నడ షట్పదిలో కట్టారు. అదే పేరుతో అంతకుముందే నారాయణాచార్యుల సంస్కృత మహాకావ్యం ఉంది. ఇదివరకు పండితులకు మాత్రమే అందిన కథ ఆయన చేతిలో ఇంటింటి పారాయణమైంది.

ఆయన ఎంచుకున్న భామినీ షట్పది నిర్మాణం తెలుగువాళ్లకు పరాయిది కాదు. ఆరు పాదాలు. ఒకటి, రెండు, నాలుగు, ఐదు పాదాల్లో మూడు మాత్రల గణం, నాలుగు మాత్రల గణం ఒకదాని వెంట ఒకటి రెండుసార్లు వస్తాయి, అంటే పద్నాలుగు మాత్రలు. మూడు, ఆరు పాదాల్లో ఆ జంట మూడుసార్లు వచ్చి చివర ఒక గురువు నిలుస్తుంది, ఇరవైమూడు మాత్రలు. మొత్తం పద్యానికి నూటరెండు. పాదాలన్నిటికీ రెండో అక్షరం ప్రాస. ప్రాసనియమం మనకు కందంలో, వృత్తాల్లో అలవాటైనదే. మూడు, నాలుగు నడకను మిశ్రచాపుగా మన చెవి వెంటనే పట్టేస్తుంది. పొట్టి పాదాలు రెండు పరుగెత్తి, పొడుగు పాదం దగ్గర ఊపిరి పీల్చుకొని, మళ్లీ రెండు పరుగెత్తి, ఆఖరి పాదంలో స్థిమితపడటం ఈ ఛందస్సు అందం. కథ చెప్పటానికి, గుంపుగా కూర్చుని చదవటానికి ఇంతకంటే అనువైన పద్యం కన్నడంలో లేదు. కుమారవ్యాసుడి భారతం నిలిచింది కూడా దీనిమీదే.

ఈ ఛందస్సుకు మన సాహిత్యంతో పాత బంధుత్వం ఉంది. పాల్కురికి సోమనాథుడి తెలుగు ‘బసవపురాణం’ ద్విపద కావ్యం. దాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తెచ్చినప్పుడు ఎంచుకున్నది భామినీ షట్పదినే. తెలుగు ద్విపద ఏ కొలతలో కన్నడమైందో, ఆ కొలతలోనే ఐదు శతాబ్దాల తరువాత కోసిగి కవి మంత్రాలయం కథ చెప్పారు. మతాలు వేరు, కాలాలు వేరు. రెండు భాషల మధ్య రాకపోకలు సాగిన బాట ఒక్కటే.

దాసకూటం బయట

ఈ సీమ కన్నడ సాహిత్యమంటే మాధ్వుల పాటలే అనుకుంటే పొరపాటు. అద్వైత మార్గంలో ‘జ్ఞానసింధు’ రాసిన చిదానంద అవధూత ఆదోని దగ్గరి హరివాణంలో పుట్టారని కన్నడ సంప్రదాయం చెబుతుంది. ఆయన దేవీ మాహాత్మ్యాన్ని ఉత్తర కర్ణాటకంలో దసరా తొమ్మిది రాత్రులూ దేవీపురాణంగా చదువుతారు. ఆయన సిద్ధి పొందిన అంబామఠం సింధనూరు తాలూకాలో ఉంది. ఇక్కడా అదే తీరు: ఊరు ఇటు, పారాయణం అటు.

వీరశైవుల వచనాలు, బసవపురాణ ప్రవచనాలు ఇంకో పాయ. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరకు, కౌతాళం మండలం ఉరుకుంద ఈరన్నస్వామి శ్రావణమాసపు పరుషకు కర్ణాటక జనం బళ్ల మీద, బస్సుల మీద తరలివస్తారు. ఆ జాతరల్లో వినిపించే పాటల్లో రెండు భాషలూ పక్కపక్కనే నడుస్తాయి. ఎమ్మిగనూరు నేతకు పేరున్న ఊరు. 1938లో మాచాని సోమప్ప పూనికతో మొదలైన చేనేత సహకార సంఘం దేశమంతా తెలిసింది. మగ్గాల ఇళ్లలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ల పాటలను, కురుబల డొల్లు పాటలను, కళ్లాల్లో ఆడవాళ్లు పాడుకున్న పాటలను పుస్తకంలోకి ఎక్కించే పని ఇంకా వెనకబడే ఉంది. పండితుల కవిత్వం తాటాకు మీద, కాగితం మీద నిలిచింది. ఈ పాటలకు మనుషుల జ్ఞాపకమే ఆధారం. ఆ మనుషుల వయసు చూస్తే ఏ పని ముందు మొదలుపెట్టాలో తెలిసిపోతుంది.

ఇప్పటిదాకా జరిగిన పని

దాససాహిత్యాన్ని అచ్చుకు ఎక్కించటం పంతొమ్మిదో శతాబ్దం నడుమ హెర్మన్ మోగ్లింగ్ మంగళూరులో ‘దాసర పదగళు’ ప్రకటించటంతో ఊపందుకుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఉడిపి, బెంగళూరు ప్రచురణకర్తలు సంకలనాలు వేశారు. 1939లో కర్మార్కర్, కలందానీ హరిదాసుల మీద ఇంగ్లిషులో పుస్తకం తెచ్చారు. బి.ఎన్.కె. శర్మ ద్వైతవేదాంత చరిత్ర శాస్త్రం వైపు నుంచి ఈ కవులకు నేపథ్యం అందించింది. జి. వరదరాజరావు సాహిత్య పరిశోధన చేశారు. లింగసుగూరులో గోరెబాళ హనుమంతరావు వరదేంద్ర హరిదాస సాహిత్య మండలి ద్వారా రాయచూరు సీమ దాసుల రచనలను వరుసగా ప్రకటించారు. ఈ పనుల్లో ఆయనది ప్రత్యేకం. విశ్వవిద్యాలయం అండ లేకుండా, చిన్న ఊళ్లో కూర్చుని, ఇంటింటా పడి ఉన్న రాతప్రతులను వెలికితీశారు. కర్ణాటక ప్రభుత్వం సమగ్ర దాససాహిత్యాన్ని బహుసంపుటాలుగా తెచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం దాససాహిత్య ప్రాజెక్టు భజన మండళ్లను కూడగట్టి పాటను జనంలో నిలబెడుతోంది. భీంసేన్ జోషి దాసపదాలు పాడిన తరువాత వాటికి దేశమంతా శ్రోతలు దొరికారు.

ఇంత పని జరిగినా నాలుగు వెలితులు కనబడుతున్నాయి.

మొదటిది, జీవితచరిత్రలు ఎక్కువగా మహిమల కథలుగానే ఉన్నాయి. ఊరు, కాలం, జీవిక, పాలకులు, కరువులు ఆ కథల్లోకి రావు. పద్దెనిమిదో శతాబ్దపు ఆదోని సీమ యుద్ధాలకు తెరిపి లేని సీమ. ఆ నేల మీద మధుకరంతో బతికిన కవి ఈ లోకం గురించి ఏమన్నాడన్నది చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న.

రెండోది సాహిత్య విలువ. విజయదాసు తరువాతి కవుల్లో సిద్ధాంతం బరువు పెరిగి కవిత్వం తగ్గిందని కన్నడ విమర్శలో ఒక అభిప్రాయం బలంగా ఉంది. తారతమ్యం, పంచభేదాలు, దేవతాకక్ష్యల వివరాలు చదువుతుంటే అందులో కొంత నిజం లేకపోలేదనిపిస్తుంది. అయితే కొలబద్ద కూడా చూసుకోవాలి. పురందరదాసు పదాన్ని కొలిచే కొలతతో సూళాదిని కొలిస్తే సూళాది ఓడిపోతుంది. అది భావగీతం కాదు, పాడుకునే శాస్త్రం. తాళాల మార్పుతో వాదాన్ని నడపటంలో, కఠినమైన పరిభాషను జనం నోటికి ఎక్కించటంలో విజయదాసుకు సాటి వచ్చే కవి ఆ కాలపు తెలుగులో నాకు కనబడలేదు.

మూడోది సంగీతం. పాటల మీద రాగతాళాల పేర్లున్నా, ఇవాళ మనం వింటున్న వరుసల్లో ఎక్కువ భాగం ఈ మధ్య కాలపు గాయకులు కట్టినవి. పాత వరుసల ఛాయలు ఏవైనా మిగిలి ఉంటే అవి పల్లెల భజన మేళాల్లోనే ఉండాలి. సూళాదిని ఏడు తాళాల్లో పూర్తిగా పాడగలిగినవాళ్లు అరుదయ్యారు.

నాలుగోది మన వైపుది. తెలుగులో ఈ కవుల మీద విమర్శ గ్రంథాల కొరత పెద్దది. తెలుగు లిపిలో అచ్చయిన దాసపదాల పుస్తకాలు మాత్రం ఆదోని, మంత్రాలయం ఇళ్లలో పూజగదుల్లో కనబడతాయి. వాటి చదువరులు కన్నడం మాట్లాడతారు గానీ తెలుగు బడిలో చదువుకున్నారు. కన్నడ లిపి రాదు, పాట వస్తుంది. ఆ పుస్తకాల్లో అచ్చుతప్పులు తరతరాలుగా తిరిగి అచ్చవుతున్నాయి. పదచ్ఛేదం సరిగా ఉండదు, అర్థం ఉండదు, కవి ఎవరో ఏ ఊరివాడో ఉండదు. పాఠకులు ఉన్నారు, గౌరవంగా చదువుతున్నారు. వాళ్లకు తగిన పుస్తకం మనం ఇవ్వలేదు.

రెండు ఆక్షేపణలు

ఇది ఒక మతం వాళ్ల భక్తి సాహిత్యం, తెలుగు సాహిత్య చరిత్రకు దీంతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. అన్నమయ్య పదాలూ, రామదాసు కీర్తనలూ, పాల్కురికి ద్విపదలూ భక్తి సాహిత్యమే. వాటిని మనం మతగ్రంథాలుగా పక్కన పెట్టలేదు. భాష, ఛందస్సు, సంగీతం, సమాజం తెలుసుకోవటానికి చదువుతున్నాం. ఆ మర్యాద విజయదాసుకూ దక్కాలి.

కన్నడ కవులను మనవాళ్లని చెప్పుకోవటం సరిహద్దు తగాదాను తిరగదోడటం కాదా అన్నది ఇంకో ఆక్షేపణ. బళ్లారి ఎటు పోవాలన్న వాదులాటలో రెండు వైపులా ఎంత వేడి పుట్టిందో పాతతరానికి గుర్తుంది. నేను అడుగుతున్నది హక్కు కాదు, బాధ్యత. వాళ్లు కన్నడ కవులే, ఎప్పటికీ కన్నడ కవులే. తంజావూరు తెలుగు కావ్యాల తాళపత్రాలను ఇన్ని తరాలుగా కాపాడింది తమిళనాట ఉన్న సరస్వతీ మహల్ గ్రంథాలయం. భాష మాది కాదని వాళ్లు వాటిని పారేయలేదు. చిప్పగిరి, కోసిగి, కౌతాళం విషయంలో మనం చేయవలసింది అదే.

చేయవలసిన పని

ముందు ఈ సీమ ఇళ్లలో, మఠాల్లో ఉన్న రాతప్రతుల జాబితా తయారుకావాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగింది. ఏటి గట్టు ఊళ్లలో కాగితానికి ఎంత ముప్పు ఉందో ఆ వరద చూపించింది. ప్రతుల ఫొటోలు తీసి రెండు మూడు చోట్ల భద్రపరచటం ఇవాళ పెద్ద ఖర్చు కాదు.

రెండో పని తెలుగు లిపిలో శుద్ధమైన కూర్పు. విజయదాసు సూళాదుల్లో ఎంపిక చేసినవి, గురుజగన్నాథదాసు ‘రాఘవేంద్ర విజయం’, ‘హరికథామృతసారం’ ముందుగా రావాలి. పదచ్ఛేదం, తెలుగు తాత్పర్యం, తాళ వివరం, ఊళ్ల పటం ఉండాలి. కన్నడ పండితుడు, తెలుగు పండితుడు, సంగీతం తెలిసినవాడు కలిసి కూర్చుంటేనే ఈ పని సాగుతుంది. అటువంటి మనుషులు కర్నూలు, అనంతపురం, బళ్లారి, రాయచూరుల్లో ఉన్నారు. సరిహద్దు మండలాల్లోని కన్నడ మాధ్యమం బడుల ఉపాధ్యాయులు రెండు లిపులూ తెలిసినవాళ్లు. ఈ పనికి వాళ్లకంటే తగినవాళ్లు ఎవరు?

మూడోది పరిశోధన. రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో రాయలసీమ సాహిత్యం మీద సిద్ధాంత గ్రంథాలు వస్తూనే ఉన్నాయి. సీమ సాహిత్యమంటే సీమలో పుట్టిన సాహిత్యమంతా. ఆదోని ఉర్దూ కవిత్వం, మంత్రాలయం సంస్కృతం, చిప్పగిరి కన్నడం అందులోకి వస్తాయి. భాష వారీగా గదులు కట్టుకుని రాసిన చరిత్రలో ఈ ఊళ్లకు నిలువ నీడ ఉండదు. ఊరి వారీగా రాసి చూస్తే ఒక్క ఆదోని తాలూకాలోనే నాలుగు భాషల సాహిత్యం బయటపడుతుంది.

నాలుగోది పిల్లలకు చెప్పటం. కౌతాళం బడిలో చదివే పిల్లకు తన ఊరి గాలిలో ఒక కవి బతికాడని పాఠంలో ఒక్క పేజీ అయినా చెప్పాలి. ఆ పిల్ల ఇంట్లో ఏ భాష మాట్లాడినా సరే.

ఈ నాలుగు పనుల్లో ఏదీ మన శక్తికి మించినది కాదు. ఇటువంటి పని ముందే చేసి చూపించినవాళ్లు ఉన్నారు. లింగసుగూరులో ఒక మనిషి తన జీవితకాలంలో చేసినంత పని చిప్పగిరి, కోసిగి కోసం మన జిల్లాలో ఒక సంస్థ చేపట్టినా చాలు, తరువాతి తరం చరిత్రకారుడు ఈ ఊళ్లను దాటిపోడు.